ఆగిన యంత్రం వేరు, ఆపిన యంత్రం వేరు

ఈ నెల పాఠం: ఫ్యాక్టరీల్లో రోబోలు, వాటి పక్కన మనుషుల భద్రత



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో నందివాడ వైపు నుంచి వచ్చిన ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, కుర్చీలోంచి లేస్తూ ఇలా అడిగారు. "మేడమ్, ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. ఈ రోబోటిక్స్ క్లాసుకు విడిగా ఫీజు కడుతున్నాం. మాది రొయ్యల చెరువు. మావాడికి ఆ రోబో దేనికి పనికొస్తుందండీ?"

ఆయన వెనక ఇంకా ఆరేడుగురు నిలబడి ఉన్నారు. "లాజికల్ థింకింగ్ పెరుగుతుందండీ" అని బ్రోచర్‌లో ఉన్న మాటే చెప్పి పంపేశాను. ఇంటికి వెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పాలనే ఈ నెల ఈ పాఠం రాస్తున్నాను. పిల్లలతో కలిసి చదవండి. చివర్లో ఇంట్లో చేయాల్సిన పనులు కూడా ఉన్నాయి.

రోబో అంటే ఏమిటి?

సినిమాల్లో చూపించే మనిషి ఆకారం బొమ్మ కాదు. ఫ్యాక్టరీలో రోబో అంటే ఎక్కువగా ఒక ఇనుప చెయ్యి. మన చేతికి భుజం, మోచెయ్యి, మణికట్టు ఉన్నట్టే దానికీ కీళ్లు ఉంటాయి. మామూలుగా ఆరు కీళ్లు. ఒక్కో కీలుకు ఒక్కో మోటారు. ఎటు తిరగాలో, ఎంత దూరం చాచాలో, ఎప్పుడు పట్టుకోవాలో ముందే ప్రోగ్రాం రాసిపెడతారు. అవసరాన్ని బట్టి ఆ ప్రోగ్రాం మార్చుకోవచ్చు. ఇవాళ వెల్డింగ్ చేసిన చెయ్యే రేపు బస్తాలు పేర్చగలదు. ఒక పని మాత్రమే చేసే మామూలు మిషన్‌కూ, రోబోకూ తేడా అదే.

మొట్టమొదటి పారిశ్రామిక రోబో పేరు యూనిమేట్. 1961లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనిలోకి దిగింది. అచ్చులోంచి సెగలు కక్కుతూ బయటికొచ్చే లోహపు భాగాలను తీసి పక్కన పెట్టడం దాని పని. మనిషి చేస్తే చేతులు కాలే పని, పొగ పీల్చాల్సిన పని. రోబోకు మొదట ఇచ్చిన ఉద్యోగం అదన్న మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు లెక్క చాలా దూరం వచ్చింది. 2023 నాటికి ప్రపంచంలోని ఫ్యాక్టరీల్లో 42 లక్షలకు పైగా రోబోలు పనిచేస్తున్నాయి. ఆ ఒక్క ఏడాదే మన దేశంలో 8,510 కొత్త రోబోలు పెట్టారు. కొత్తగా రోబోలు పెట్టే దేశాల్లో మనది ఆ ఏడాది 7వ స్థానం.

మన రాష్ట్రంలో చూడాలంటే పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 536 ఎకరాల స్థలం, మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యంతో కట్టారు. 2019 జనవరిలో అక్కడ ట్రయల్ ఉత్పత్తి మొదలైనప్పుడే రేకులు అచ్చు వేసే విభాగం, బాడీ వెల్డింగ్, పెయింటింగ్, అసెంబ్లీ అన్నీ కలిపి 300కు పైగా రోబోలు ఉన్నాయి. మనకు ఇంకా దగ్గర్లో, బాపులపాడు మండలం మల్లవల్లిలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్న మన పిల్లలు పదేళ్లలో ఇలాంటి గేట్ల లోపల ఉంటారు. కొందరు ఇంజినీర్లుగా, కొందరు ఐటీఐ, డిప్లొమా చేసిన టెక్నీషియన్లుగా.

అందుకే రోబోను కదిలించడం ఎలాగో నేర్పే ముందు, దాని దగ్గర మనిషి ఎలా మెలగాలో నేర్పాలని నా ఉద్దేశం.

మా బాబాయి వేళ్లు

రోబో మన ఊళ్లకు ఇంకా రాలేదు. దాని దూరపు చుట్టం మాత్రం ఎప్పుడో వచ్చేసింది. ఆటో స్టార్టర్.

కరెంటు పోతుంది, మోటారు ఆగుతుంది. కరెంటు వస్తుంది, ఎవరూ మీట నొక్కకుండానే మోటారు తిరుగుతుంది. అర్ధరాత్రి గట్టు మీదికి పరిగెత్తే బాధ తప్పింది. పుస్తకం ప్రకారం ఇది రోబో కాదు. అయినా రోబోకున్న ముఖ్యమైన గుణం ఒకటి దీనికీ ఉంది. మనిషి చెప్పకుండా తనంతట తాను కదలడం.

నేను డిగ్రీలో ఉన్నప్పటి సంగతి. మా బాబాయిది రొయ్యల చెరువు. ఒకరోజు తెల్లవారుజామున కరెంటు పోయింది. ఏరియేటర్ చక్రానికి నైలాన్ తాడు ముక్క ఒకటి చుట్టుకుని ఉందని ముందురోజే చూశారట. ఎలాగూ ఆగింది కదా, ఈలోపు తీసేద్దామని నీళ్లలోకి దిగారు. గట్టు మీద స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్లి స్విచ్ కట్టేసి రావడానికి నూరు అడుగులు నడవాలి. నడవలేదు. తాడు సగం విప్పేసరికి కరెంటు వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

ఆస్పత్రిలో ఆయన మాతో అన్న మాట ఒక్కటే. "ఆగిపోయిందనుకున్నానమ్మా."

నిజమే, అది ఆగింది. కానీ ఎవరూ దాన్ని ఆపలేదు.

ఈ రెండు మాటల తేడా తెలుగు తెలిసిన ఏ పిల్లవాడికైనా ఇట్టే అర్థమవుతుంది. "ఆగింది" అంటే దానంతట అదే ఆగింది. మళ్లీ దానంతట అదే కదలొచ్చు. "ఆపాను" అంటే నేను ఆపాను. నేను చెప్పేదాకా కదలదు. ఫ్యాక్టరీల్లో రోబోల భద్రత గురించి పెద్ద పెద్ద పుస్తకాలు ఉన్నాయి. వాటిలో సగం ఈ ఒక్క తేడాను నిలబెట్టడానికి రాసినవే.

మూడు దేశాలు, ఒకటే పొరపాటు

1979 జనవరి 25న అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫోర్డ్ కాస్టింగ్ ప్లాంటులో 25 ఏళ్ల కార్మికుడు ఒకరు చనిపోయారు. విడిభాగాలు తీసి ఇవ్వాల్సిన రోబో సరిగా పనిచేయడం లేదని, ఆ భాగాలు తెచ్చేందుకు ఆయనే అరల మీదికి ఎక్కారు. రోబో చెయ్యి వెనక నుంచి వచ్చి తగిలింది. రోబో వల్ల మనిషి చనిపోయిన మొదటి ఘటనగా దీన్నే చెబుతారు. ఆ రోబోను తయారుచేసిన సంస్థ కుటుంబానికి కోటి డాలర్లు చెల్లించాలని 1983లో జ్యూరీ తీర్పు చెప్పింది.

2015 ఆగస్టులో మన దేశంలోనే, హర్యానాలోని మానేసర్‌లో ఒక ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో 24 ఏళ్ల కార్మికుడు చనిపోయారు. పక్కకు జరిగిన లోహపు రేకును సర్దడానికి వెల్డింగ్ రోబోకు బాగా దగ్గరగా వెళ్లారు.

2023 నవంబరులో దక్షిణ కొరియాలో కూరగాయలు ప్యాక్ చేసే చోట మరొకరు చనిపోయారు. బెంగళూరు మిరపకాయల పెట్టెలు ఎత్తి పేర్చే రోబో అది. దాని సెన్సర్‌ను పరీక్షిస్తున్న మనిషినే పెట్టె అనుకుని పట్టుకుంది.

ముగ్గురూ పని తెలిసినవాళ్లే. ముగ్గురూ రోబో దగ్గరికి వెళ్లింది చిన్న సర్దుబాటు కోసమే. రోబో వాళ్ల మీద కోపంతో ఏమీ చేయలేదు. అక్కడ మనిషి ఉన్నాడని దానికి తెలియదు, అంతే. గేదె దగ్గరికి వెళ్తే తల ఊపుతుంది, కుక్క గుర్రుమంటుంది. రోబో ఏ సూచనా ఇవ్వదు. కదలకుండా ఉన్న రోబో ఆగిపోయి ఉండొచ్చు, లేదా తర్వాతి రేకు కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

మరి ఫ్యాక్టరీలు ఏం చేస్తాయి?

మనిషి జాగ్రత్తగా ఉంటాడులే అని వదిలేయవు. మనిషి ఏదో ఒకరోజు తొందరపడతాడు, అలిసిపోతాడు, మరిచిపోతాడు అని ముందే ఒప్పుకుని ఏర్పాట్లు చేస్తాయి. ప్రపంచమంతా పాటించే ఐఎస్‌ఓ 10218 అనే ప్రమాణం రోబోల భద్రత కోసమే ఉంది. దాన్ని 2025లో కొత్తగా సవరించారు. అందులోని ముఖ్యమైన ఏర్పాట్లు పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాను.

1. కంచె, తలుపు. రోబో చెయ్యి ఎంత దూరం చాస్తుందో అంత దూరం దాకా చుట్టూ ఇనుప జాలీ కడతారు. దాని తలుపుకు ఒక స్విచ్ ఉంటుంది. తలుపు తెరిస్తే రోబో ఆగుతుంది. అసలు కిటుకు దీని తర్వాత ఉంది. తలుపు మూసినంత మాత్రాన అది మళ్లీ మొదలు కాకూడదు. మనిషి బయటికి వచ్చి, లోపల ఎవరూ లేరని చూసుకుని, బయట ఉన్న బటన్ విడిగా నొక్కాలి. అంటే ఆటో స్టార్టర్‌కు సరిగ్గా వ్యతిరేకం. యంత్రాల్లో ప్రమాదకరమైన కదిలే భాగాలకు కంచె ఉండాలన్నది మనకూ కొత్త కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది అదే.

2. వెలుగు తెర. సరుకు లోపలికీ బయటికీ వెళ్లే చోట జాలీ కట్టలేరు. అక్కడ కంటికి కనిపించని కాంతి కిరణాలను ఒక తెరలా నిలబెడతారు. చెయ్యో కాలో అడ్డం వస్తే రోబో ఆగుతుంది. మరి ఆ తెర రోబోకు ఎంత దూరంలో ఉండాలి? ఇది మన ఎనిమిదో తరగతి లెక్కే. నడిచే మనిషి వేగం సెకనుకు 1.6 మీటర్లని ప్రమాణాల్లో తీసుకుంటారు. ఆపమని సంకేతం అందాక రోబో పూర్తిగా ఆగడానికి అర సెకను పడుతుందనుకోండి. ఆ లోపు మనిషి 1.6 × 0.5 = 0.8 మీటర్లు ముందుకు వస్తాడు. కాబట్టి తెర 80 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ దూరంలోనే ఉండాలి. కిరణానికి తగలకముందే చెయ్యి లోపలికి చాచే వీలుంటుంది కాబట్టి దానికి ఇంకొంత కలుపుతారు. "వేగం × కాలం = దూరం" సూత్రం పరీక్ష కోసం కాదని పిల్లలకు నేను చెప్పేది ఇందుకే.

3. మూడు స్థానాల బటన్. రోబోకు కొత్త పని నేర్పేటప్పుడు మనిషి కంచె లోపలికి వెళ్లక తప్పదు. అప్పుడు చేతిలో టీచ్ పెండెంట్ అనే పెట్టె పట్టుకుంటాడు. రోబో వేగం సెకనుకు 25 సెంటీమీటర్లు దాటకూడదు. పెట్టె వెనక ఒక బటన్ ఉంటుంది. నొక్కకపోతే రోబో కదలదు. సగం నొక్కి పట్టుకుంటే కదులుతుంది. గట్టిగా పూర్తిగా నొక్కితే మళ్లీ ఆగిపోతుంది. ఎందుకలా? భయపడిన మనిషి రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. చేతిలోది వదిలేస్తాడు, లేదా బిగించి పట్టుకుంటాడు. ఏది చేసినా రోబో ఆగాలి. మనిషి స్వభావాన్ని ఇంత బాగా అర్థం చేసుకుని చేసిన బటన్ ఇంకొకటి నేను చూడలేదు. క్లాసులో ఇది చెప్పినప్పుడు పిల్లలు పెన్ను పట్టుకుని ఒకరినొకరు ఉలిక్కిపడేలా చేసి పరీక్షించుకున్నారు. ఎక్కువమంది బిగించి పట్టుకున్నారు!

4. ఎవరి తాళం వాళ్లదే. రిపేరుకు లోపలికి వెళ్లేవాడు మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుంటాడు. పేరు రాసిన అట్ట తగిలిస్తాడు. నలుగురు వెళ్తే నాలుగు తాళాలు. నాలుగో మనిషి బయటికొచ్చి తన తాళం తీసేదాకా కరెంటు రాదు. కరెంటు కట్టేశాక కూడా పని అయిపోలేదు. గొట్టాల్లో గాలి ఒత్తిడి మిగిలి ఉండొచ్చు, పైకెత్తిన చెయ్యి బరువుకు కిందికి జారొచ్చు. వాటినీ ఖాళీ చేసి, ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి చూసి, కదలడం లేదని తేలాకే చెయ్యి పెట్టాలి. "ఆగింది"ని "ఆపాను"గా మార్చేది ఈ తాళమే.

మా బాబాయి స్టార్టర్ డబ్బాకు ఇప్పుడు చిన్న తాళం ఉంది. దాని పక్కన ఒక అట్టముక్క వేలాడుతుంది. మా చెల్లి స్కెచ్ పెన్నుతో రాసింది: "నాన్న చెరువులో ఉన్నారు. ఆన్ చేయొద్దు." ఆ తాళం ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు.

కంచె లేని రోబోలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. వీటిని కోబాట్ అంటారు. మనిషి పక్కనే నిలబడి పనిచేసే రోబోలు. 2008లో డెన్మార్క్ కంపెనీ యూనివర్సల్ రోబోట్స్ ఇలాంటివి అమ్మడం మొదలుపెట్టింది. ఇవి తక్కువ బలంతో కదులుతాయి, మనిషికి తగిలితే గుర్తించి ఆగిపోతాయి. ఎంత బలం దాకా పర్వాలేదో చెప్పడానికి 2016లో ఒక ప్రమాణం వచ్చింది. నుదురు నుంచి కాలి పిక్క దాకా శరీరంలో 29 చోట్లకు విడివిడిగా హద్దులు చెప్పింది.

అయితే ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు పడతారు. కోబాట్ అని పేరు ఉంటే చాలు, భయం లేదనుకుంటారు. మెత్తగా కదిలే చెయ్యికి కత్తి తగిలిస్తే అది మెత్తనిది కాదు. చేపలు కోసే చోటైనా, రేకులు కత్తిరించే చోటైనా చూడాల్సింది ఆ చెయ్యి ఏం పట్టుకుంది, ఏ పని చేస్తోంది, చుట్టూ ఎవరున్నారు అనే. భద్రత రోబోతో పాటు పెట్టెలో రాదు. అది పెట్టిన చోట మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఉద్యోగాలు పోతాయా?

ఇది కూడా చాలామంది అమ్మానాన్నలు అడిగే ప్రశ్నే. అబద్ధం చెప్పను. బస్తాలు మోయడం, ఒకే చోట రోజంతా ఒకే స్క్రూ బిగించడం లాంటి పనులు తగ్గుతాయి. ఆ పని మీదే బతికేవాళ్లకు అది చిన్న కష్టం కాదు. అదే సమయంలో రోబోకు పని నేర్పేవాళ్లు, బాగుచేసేవాళ్లు, కంచె ఎక్కడ కట్టాలో లెక్కగట్టేవాళ్లు కావాలి. వాళ్లంతా పెద్ద ఇంజినీర్లే కానక్కర్లేదు. మీ పిల్లవాడికి ర్యాంకు రాకపోయినా ఐటీఐలో చేరి ఈ దారిలో వెళ్లొచ్చు. అలా వెళ్లినవాడు మొదటి రోజు సేఫ్టీ ట్రైనింగ్‌లో కూర్చున్నప్పుడు, "ఇది మా స్కూల్లోనే విన్నాను" అనుకుంటే నాకు చాలు.

ఇంట్లో చేయండి

ఈ నెల హోమ్‌వర్క్ పిల్లలకే కాదు, మీకు కూడా.

ఒకటి. పిల్లలతో కలిసి ఇల్లు, దొడ్డి, చెరువు గట్టు చుట్టూ తిరగండి. ఎవరూ నొక్కకుండా తమంతట తాము మొదలయ్యే యంత్రాల జాబితా రాయించండి. వాటర్ ట్యాంకు మోటారు, బోరు, ఏరియేటర్, ఫ్రిజ్... ఐదు కన్నా తక్కువ వస్తే మళ్లీ తిరగండి.

రెండు. జాబితాలో ఒక్కో యంత్రం పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయించండి. ఇది ఆగిందా, ఆపారా? ఎవరు ఆపారు? మళ్లీ మొదలు పెట్టగలిగేది ఎవరు? మూడో ప్రశ్నకు "కరెంటు" అన్న జవాబు వస్తే దానికి తాళం కావాలని అర్థం.

మూడు. వంటింట్లో మిక్సీ గిన్నెలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ కాదు, ప్లగ్గే తీయాలి. అమ్మ చేస్తే పిల్లలూ చేస్తారు.

నాలుగు. చెరువు మీద, రైస్ మిల్లులో ఎంత తొందర ఉన్నా, తిరిగే యంత్రంలో ఇరుక్కున్నది తీయమని పిల్లలను పంపకండి. చిన్న చేతులు లోపలికి బాగా పడతాయన్న మాట నేను చాలాసార్లు విన్నాను. సరిగ్గా అందుకే పంపకూడదు.

ఐదు. ఒక లెక్క. రోబో ఆగడానికి 0.3 సెకన్లు పడితే, నడిచే మనిషికి వెలుగు తెర కనీసం ఎంత దూరంలో ఉండాలి? జవాబుతో పాటు మీ జాబితాను సోమవారం క్లాసుకు పంపండి. బాగున్న జాబితాలను నోటీసు బోర్డు మీద పెడతాం.

ఇక ఆ నాన్నగారి ప్రశ్నకు. అయ్యా, మీ అబ్బాయి చేసిన అట్ట రోబో చెరువు మీద పనికిరాదు. కానీ పోయిన వారం ల్యాబ్‌లో దాని చెయ్యి ఇరుక్కుంటే, వాడు వేలు పెట్టే ముందు బ్యాటరీ వైరు పీకి, ఆ వైరు ఎడమ చేతిలో పట్టుకుని, అప్పుడు తీశాడు. నేను చెప్పకుండానే. మీరు కట్టిన ఫీజుకు వాడు నేర్చుకున్నది అదండీ. ఈసారి మీతో పాటు గట్టు మీదికి వచ్చినప్పుడు స్టార్టర్ డబ్బా దగ్గర ఆగి ఏదైనా అడిగితే, ఒక్క నిమిషం వినండి.

— ఫిజికల్ సైన్స్ టీచర్, గుడివాడ బ్రాంచి